పగలగొట్టే ముందు ఆగండి: బాత్రూమ్ లీకు, ఫోనెత్తని మేస్త్రీ, వినియోగదారుల కమిషన్

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పై అంతస్తులో రెండు బాత్రూమ్‌ల పని మెటీరియల్‌తో సహా 1,85,000 రూపాయలకు ఒక మేస్త్రీకి గుత్తకిచ్చారు. 1,60,000 ఫోన్‌పేలో కట్టారు, 25,000 ఆపారు. ఏడు నెలలకే బెడ్‌రూమ్ గోడ అడుగున చెమ్మ లేచింది, కింద అమ్మానాన్న ఉండే గదిలో సీలింగ్ మీద మరక పడింది. మేస్త్రీ ఫోనెత్తడం లేదు. ఇంకో మేస్త్రీ వచ్చి చూసి, మొత్తం పగలగొట్టాల్సిందే, 90,000 అవుతుందన్నాడు. అగ్రిమెంటు ఏమీ రాసుకోలేదు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా, లాయరు కావాలా, ఈలోగా పగలగొట్టించేయనా అని అడిగారు.

కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. కానీ దయచేసి ఇప్పుడే పగలగొట్టించకండి. మిగతా రెండు ప్రశ్నల కంటే మీకు ముఖ్యమైనది ఇదే కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

నేను సివిల్ ఇంజనీరుని. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల 26 ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. ఇలాంటి తగాదాల్లో ఇల్లు చూసి రిపోర్టు రాసివ్వమని చాలామంది వస్తుంటారు. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇలాంటి కేసులు చాలావరకు కమిషన్ హాల్లో ఓడిపోవు. రెండో మేస్త్రీ సుత్తి పట్టుకున్న రోజునే ఓడిపోతాయి. కొన్నేళ్ల కిందట రిటైరైన టీచరుగారు ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. మేడ మీద వేసిన వాటర్‌ప్రూఫింగ్ ఆరు నెలలకే పొరలు పొరలుగా లేచిపోయింది. వానాకాలం ముంచుకొస్తోందన్న టెన్షన్‌లో పాతదంతా గీకించేసి, కొత్తది వేయించి, ఆ తర్వాత రిపోర్టు కోసం వచ్చారు. మేడ ఎక్కి చూస్తే కొత్త పూత నిగనిగలాడుతోంది. పాత పని ఎంత మందాన వేశారో, కింద శుభ్రం చేశారో లేదో, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు తిప్పారో చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆవిడ చెప్పిందంతా నిజమేనని నాకు తెలుసు. కానీ కంటితో చూడనిదాన్ని చూశానని రాయలేను కదా. రిపోర్టు ఇవ్వలేనని చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడటం ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తే.

అందుకే ముందు రుజువు, తర్వాతే రిపేరు. ఆగే కొద్దిరోజుల్లో నష్టం పెరగకుండా రెండు పనులు చేయండి. కింద సీలింగ్ మీద మరకకు దగ్గరలో లైటు గానీ ఫ్యాను గానీ ఉంటే ఆ లైన్ ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్చు) ఈ రోజే దించేయండి. తడిసిన స్లాబులో కరెంటు పైపు ఉంటే అది ప్రాణాల మీదికి వస్తుంది. మీకు రెండు బాత్రూమ్‌లున్నాయి కాబట్టి లీకవుతుందనుకునే దాన్ని వాడటం మానేయండి. నష్టాన్ని తగ్గించడానికి మీ వంతు మీరు చేశారని తర్వాత చూపించడానికీ ఇది పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీకింకా తెలియదు. ఆ రెండో మేస్త్రీకీ తెలియదు. గోడ చూసి "మొత్తం పగలగొట్టాలి" అనడం డాక్టరు చెయ్యి పట్టుకుని చూడకుండానే ఆపరేషన్ అన్నట్టుంటుంది. బాత్రూమ్‌లో నీళ్లకు మూడే దారులు. ఒకటి ట్యాంకు నుంచి కుళాయిలకు వచ్చే ప్రెషర్ లైను. రెండోది నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కన్నం), కమోడ్ నుంచి బయటికి పోయే డ్రైను లైను. మూడోది టైల్స్ సందుల్లోంచి ఇంకే నేల. ఈ మూడింటికీ మరమ్మతు వేరు, ఖర్చు వేరు, చాలాసార్లు బాధ్యుడూ వేరు. ప్లంబరును మీరు వేరే పెట్టుకుని ఉంటే, ప్లంబరు తప్పుకు టైల్స్ మేస్త్రీ మీద కేసు వేసినట్టవుతుంది.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. రాత్రి పడుకునే ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో లోపలివైపు గీత పెట్టండి. మోటారు వేయకండి. తెల్లారి చూస్తే నీళ్లు గీత కిందికి దిగాయంటే ప్రెషర్ లైను మీద అనుమానం పడాలి. ఫ్లష్ ట్యాంకు కారడం వల్ల కూడా దిగొచ్చు, అందుకని దాని వాల్వు కూడా ముందే కట్టేయండి. బాత్రూమ్ వాడటం మానేసి వారమైనా మరక ఆరకుండా పెరుగుతూనే ఉంటే, అదీ ప్రెషర్ లైను మీదే అనుమానం పెంచుతుంది. అలాంటప్పుడు ప్లంబరు దగ్గర చేతిపంపులాంటి టెస్టింగ్ పంపు ఉంటుంది, దాన్ని లైనుకు బిగించి ప్రెషర్ ఎక్కించి ముల్లు దిగుతుందేమో చూస్తారు. సీపీవీసీ (వేడినీళ్లకూ వాడే ప్లాస్టిక్) పైపు జాయింటుకు సొల్యూషన్ (అంటించే జిగురు) సరిగా పూయకపోయినా, పూసి ఆరకముందే నీళ్లు వదిలినా నెలల తర్వాత అక్కడ చుక్కచుక్కగా మొదలవుతుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైనులో ఈ గొడవ నేను ఎక్కువగా చూశాను.

రెండో పరీక్ష నేలకు. నహానీ ట్రాప్ మూతి గుడ్డ కుక్కి, పైన పాలిథిన్ కవరు కట్టి గట్టిగా మూయండి. తలుపు దగ్గర గడప లేకపోతే ఇటుకలు పేర్చి సిమెంటుతో చిన్న కట్ట కట్టండి. నేల మీద అంగుళం, అంగుళంన్నర నీళ్లు నింపండి, అంతకంటే ఎక్కువ వద్దు. గోడ టైల్ మీద నీటి మట్టం దగ్గర పర్మనెంట్ మార్కరుతో గీత గీసి, తేదీ, టైమ్ పక్కనే రాయండి. ఇప్పుడు ఒక చిన్న పని చేయండి, దీన్ని ఎవరూ చేయరు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో అంతే లోతు నీళ్లు పోసి, దానికీ గీత పెట్టి, అదే బాత్రూమ్‌లో పక్కన పెట్టండి. 48 గంటలు ఆగండి. ఎండకు, గాలికి ఆవిరయ్యే నీళ్లు రెండింట్లోనూ ఒకేలా తగ్గుతాయి. టబ్బులో రెండు మి.మీ. తగ్గి, నేల మీద పది మి.మీ. తగ్గిందనుకోండి, మిగతా ఎనిమిది స్లాబులోకి పోయినట్టే. ఎదుటి పక్షం "ఎండాకాలం కదా, ఆవిరైపోయాయి" అనడానికి వీల్లేకుండా ఆ టబ్బే జవాబు చెబుతుంది. నింపేటప్పుడు, 24 గంటలకు, 48 గంటలకు వీడియో తీయండి. కింద సీలింగ్ మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, దాన్నీ అవే టైముల్లో ఫొటో తీయండి.

నేల తేమ పూర్తిగా ఆరాక డ్రైను లైనుకు మూడో పరీక్ష చేయాలి. నేల తడవకుండా, గరాటు పెట్టి ట్రాప్‌లోకే నేరుగా రంగు నీళ్లు ఒక ఇరవై బకెట్లు పోయండి. మిఠాయిల్లో వాడే ఎర్ర రంగు చాలు. కింద మరకలో ఎరుపు కనిపిస్తే జాయింటు దొరికినట్టే.

మీరు చెప్పిన చెమ్మ గోడ అడుగున, స్కర్టింగ్ పైన జానెడు ఎత్తులో ఉంది కాబట్టి నాకు మూడోదారి, అంటే నేల మీద అనుమానం ఎక్కువ. మన దగ్గర బాత్రూమ్ స్లాబును తొమ్మిది అంగుళాలో అడుగో కిందికి దింపి పోస్తారు. ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలు, రబ్బీసు నింపి, పైన సిమెంటు బెడ్ వేసి టైల్స్ పరుస్తారు. ఆ గుంతకు అడుగున, పక్కన వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోతే ఇంకిన నీళ్లన్నీ రబ్బీసులో తొట్టిలా నిలబడతాయి. అక్కడి నుంచి పక్క గోడ ఇటుకలు పీల్చుకుంటాయి. అందుకే స్నానం చేసిన వెంటనే కాకుండా, ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ తీర్చాలి. టైల్ వేశాం కదా, నీళ్లెలా దిగుతాయి అంటారు. టైల్ నీళ్లను ఆపదు. టైల్‌కూ టైల్‌కూ మధ్య పెట్టే వైట్ సిమెంటు కూడా ఆపదు, కొన్నాళ్లకు సన్నగా చీలుతుంది. ఆపాల్సింది టైల్ కిందున్న పూత. ఆ పూత నేల మీద వేసి వదిలేస్తే చాలదు. గోడల మీదికి కనీసం అడుగెత్తు, షవర్ దగ్గర మనిషెత్తు తిప్పాలి. పైపు స్లాబును దాటే చోట చుట్టూ ఉన్న సందును కుంచించుకుపోని గ్రౌటుతో మూయాలి. టైల్స్ వేయకముందే నీళ్లు నింపి రెండు రోజులు చూడాలి. నేను చూసిన చెడిన బాత్రూమ్‌ల్లో ఎక్కువగా ఎగ్గొట్టింది ఈ ఆఖరి పనే. రెండు రోజులు ఆగితే కూలి దండగ అని మేస్త్రీకీ, ముహూర్తం దాటిపోతుందని ఇంటివాళ్లకీ తొందర.

టైల్స్ కూడా ఓసారి తట్టి చూడండి. రూపాయి బిళ్లతో ప్రతి టైల్ నాలుగు మూలలా, మధ్యలో కొట్టండి. కింద మాలు నిండుగా ఉంటే గట్టి చప్పుడు వస్తుంది. డొల్లగా ఉంటే ఖాళీ డబ్బా తట్టినట్టుంటుంది. డొల్ల వచ్చిన చోట చాక్‌పీసుతో ఇంటూ మార్కు పెట్టి, మొత్తం నేలను పైనుంచి ఒక ఫొటో తీయండి. పని తొందరగా తెమలాలని కొందరు మేస్త్రీలు టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి అంటించేస్తారు. మధ్యలో ఖాళీల్లో నీళ్లు చేరతాయి. విట్రిఫైడ్ టైల్ అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. అది అర శాతం కూడా నీళ్లు పీల్చదు కాబట్టి పాతకాలం సిరామిక్ టైల్‌ను పట్టినట్టు సిమెంటు పాలు దాన్ని పట్టవు. దానికి ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉన్న టైల్ అడెసివ్ (టైల్ అంటించే జిగురు పొడి) వాడాలి. మీ బిల్లుల్లో అడెసివ్ సంచులు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయో చూడండి. డబ్బు తీసుకుని వాడకపోయి ఉంటే అది ఇంకో పాయింటు. వాలు కూడా కొలవండి. ఎనిమిది అడుగుల పొడవుకు ట్రాప్ వైపు కనీసం అంగుళం వాలుండాలి. నీళ్లు చల్లి పావుగంట తర్వాత ఎక్కడ మడుగు నిలిచిందో చూస్తే తెలిసిపోతుంది.

ఈ పరీక్షలు పెట్టే ముందు మేస్త్రీకి చెప్పి తీరాలి. ఫోనెత్తకపోయినా వాట్సాప్‌లో మెసేజ్ పంపండి. కోపం ఎంత ఉన్నా మాట జారకండి, ఆ మెసేజ్ రేపు కమిషన్ సభ్యులు చదువుతారు. ఇలా రాయొచ్చు: "మేస్త్రీ గారూ, మీరు చేసిన పై బాత్రూమ్ నుంచి కింద గదిలోకి నీళ్లు దిగుతున్నాయి. ఫొటోలు పంపుతున్నాను. వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు ట్రాప్ మూసి నీళ్లు నింపి పరీక్ష పెడుతున్నాం. మీరు వచ్చి చూడండి. తప్పు మీ పనిలో లేకపోతే అదీ తేలిపోతుంది. ఉంటే మీరే సరిచేసి ఇవ్వండి." ఈ ఆఖరి రెండు వాక్యాలకు చాలా విలువుంది. అతనికి దిద్దుకునే అవకాశం ఇచ్చారని అవే చెబుతాయి. నా అనుభవంలో సగం మంది మేస్త్రీలు ఇలాంటి మర్యాదైన మెసేజ్‌కు దిగివస్తారు. తిట్టినవాళ్ల ఇంటికి ఎవరూ తిరిగి రారు.

మేస్త్రీల గురించి ఒక్క మాట చెప్పాలి. ఇంటి వైరింగుకు లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలన్న నియమం ఉంది. తాపీ పనికి అలాంటిదేమీ లేదు. పదిహేనేళ్లకు మాలు కలపడానికి వచ్చి, పెద్దమేస్త్రీ చేతి కింద చూసి నేర్చుకున్నవాళ్లే అంతా. ఆ పెద్దమేస్త్రీ తప్పు చేస్తే అదే తప్పు వీళ్లకూ వస్తుంది. గోడ కట్టడంలో రసమట్టం మీద బుడగ కదలనివ్వని గొప్ప పనివాళ్లు నాకు తెలుసు, కానీ వాటర్‌ప్రూఫింగ్ డబ్బా మీద ఏం రాసుందో చదివి చెప్పేవాళ్లు వాళ్లకు ఎవరూ ఉండరు. నా సొంత ఇంట్లో కూడా ఒకసారి మాఘమాసం ముహూర్తం దగ్గరపడిందని ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరకముందే పెయింట్ వేయించాను. శ్రావణం వచ్చేసరికి గోడలంతా బొబ్బలు లేచి పెచ్చులూడింది. పెయింటరు మీద కేకలేశాను. తర్వాత తీరిగ్గా చూస్తే తడి గోడ మీద రంగు వేయమన్నది నేనే. అతన్ని పిలిచి క్షమించమని అడిగాను. మీ బాత్రూమ్ విషయంలో కూడా, అడెసివ్ వద్దు ఖర్చెక్కువ అని మీరే అన్నారా, నీళ్లు నింపే పరీక్ష వద్దని తొందరపెట్టారా అన్నది నిజాయితీగా గుర్తుచేసుకోండి. అలాంటి మెసేజ్ ఒకటి అతని ఫోన్‌లో ఉంటే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది.

పరీక్షల్లో తప్పు మేస్త్రీ పనిలోనే అని తేలితే, అప్పుడు ఇంజనీరును పిలిపించండి. మున్సిపాలిటీలో ప్లాన్లు పెట్టే లైసెన్సు ఉన్న ఇంజనీరు గానీ, చార్టర్డ్ ఇంజనీరు గానీ అయితే మంచిది. రిపోర్టులో మూడు విషయాలుండాలి: ఏం చూశారు, కారణం ఏమిటి, సరిచేయడానికి ఎంతవుతుంది. ఖర్చు అంచనా కొలతల ప్రకారం, ప్రభుత్వం వాడే స్టాండర్డ్ రేట్ల షెడ్యూలుకు దగ్గరగా వేయించండి. రెండో మేస్త్రీ నోటితో చెప్పిన 90,000కు కమిషన్ దగ్గర బరువుండదు. అదే మొత్తం కొలతలతో కాగితం మీదికి వస్తే ఉంటుంది. ఆ తర్వాత పగలగొట్టినప్పుడు కూడా ఇంజనీరును దగ్గర పెట్టుకుని, ఒక మూల తెరిచి, పొరలు ఒక్కొక్కటిగా ఫొటోలు తీయించండి. తీసిన టైల్స్‌లో నాలుగైదు, వాటి వెనకున్న మాలుతో సహా గోనెసంచిలో దాచండి. టైల్ వెనక అయిదు ముద్దలు అలాగే అంటుకుని కనిపిస్తే ఇక ఎవరూ వాదించనక్కర్లేదు.

ఇప్పుడు చట్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని చేసిన ఇంటి నిర్మాణ పని దాని ప్రకారం సేవే, అందులో నాణ్యత లోపిస్తే అది సేవాలోపమే. అగ్రిమెంటు లేకపోయినా పరవాలేదు. డబ్బు కట్టినట్టు ఫోన్‌పే రికార్డుంది, రేటు మాట్లాడుకున్నట్టు వాట్సాప్ ఉంది, అవి చాలు. 25,000 బాకీ ఉందని భయపడకండి. కొంత కట్టి కొంత కడతానన్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయితే ఆ బాకీ సంగతి ఫిర్యాదులో మీరే ముందు రాయండి, దాచి అవతలివాళ్లతో చెప్పించుకోవద్దు.

ఒక మెలిక ఉంది. రోజుకూలికి మనిషిని పెట్టుకుని, పక్కన నిలబడి మీరే ఇలా చెయ్యి అలా చెయ్యి అని చేయించుకుంటే, అది యజమాని, పనివాడి సంబంధం అని ఎదుటివాళ్లు వాదిస్తారు. అలాంటి వ్యక్తిగత సేవ చట్టం కిందికి రాదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో డాక్టర్ల సేవల గురించి ఇచ్చిన తీర్పులో వివరంగా చెప్పింది. మీది గుత్త పని, మెటీరియల్ కూడా అతనే తెచ్చాడు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. గుత్తకు ఇచ్చిన సంగతి తెలిసే మెసేజ్‌లు జాగ్రత్త చేయండి.

మీరు కట్టింది 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది. మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, మేస్త్రీ ఊరికి వెళ్లక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు అసలే లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. తప్పు జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. ఏ రోజు నుంచి లెక్క అన్న వాదన రాకుండా, పని ముగిసిన తేదీ నుంచే రెండేళ్లు అనుకుని త్వరపడండి. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఈ కమిషన్లలో ఎక్కువగా అఫిడవిట్లు, కాగితాల మీదే నిర్ణయం జరుగుతుంది కాబట్టి, బాగా మాట్లాడేవాళ్లకంటే ఫైలు చక్కగా పెట్టుకున్నవాళ్లకే లాభం. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, వీడియోలతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేయండి. ఈ ఒక్కదానికి మాత్రం తెలిసిన లాయరు సాయం తీసుకోండి.

నోటీసు ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా ఇవ్వండి. 15 రోజుల గడువు పెట్టి, స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే మేస్త్రీ ఫోన్ నంబరు తప్ప అడ్రసు ఉండదు. టైల్స్ షాపులో అడగండి, అతన్ని మీకు పరిచయం చేసినవాళ్లను అడగండి. ఆ షాపువాళ్లే మేస్త్రీని పంపి, కూలి కూడా వాళ్ల బిల్లులోనే తీసుకుని ఉంటే వాళ్లను కూడా కేసులో చేర్చొచ్చు. అప్పుడు కేసు బలమే మారిపోతుంది. షాపు ఎక్కడికీ పోదు కదా.

అవతలివాళ్లు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. ఆ 45 దాటితే కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చిచెప్పింది. కేసు మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిజంగా అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. రిపేరు ఖర్చు, మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు అడగొచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా కట్టకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000కు తగ్గకుండా లక్ష దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కుంది.

కానీ మీకు ఒక నిజం చెప్పాలి. కేసు గెలవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. ఆస్తి, షాపు ఏమీ లేని మేస్త్రీ నుంచి లక్ష రాబట్టడం కష్టం. అందుకే కమిషన్‌కు వెళ్లే ముందు లోక్ అదాలత్ ప్రయత్నించమంటాను. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడ ఒప్పందం కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీ విషయంలో నాకు తోచే ఒప్పందం ఇలా ఉంటుంది. మీరు ఆపిన 25,000 మీ దగ్గరే ఉంచుకుని దాంతో వాటర్‌ప్రూఫింగ్ మెటీరియల్ మీరే కొంటారు. అతను తన కూలీలతో బెడ్ తీసి మళ్లీ వేస్తాడు. టైల్స్ వేయకముందు 48 గంటల నీళ్ల పరీక్ష మీ ఇంజనీరు ముందే జరుగుతుంది. అతని జేబులోంచి పెద్దగా డబ్బు పోదు, రోజులు పోతాయి. దీనికి ఒప్పుకునే మేస్త్రీలు చాలామంది ఉంటారు. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్ గురించి కూడా వినే ఉంటారు. కంపెనీల మీద ఫిర్యాదులకు అది బాగా పనికొస్తుంది, ఒంటరి మేస్త్రీ విషయంలో పెద్దగా ఉపయోగం ఉండదు.

ఇది చదివే అపార్ట్‌మెంటు వాళ్లకు కూడా ఒక మాట. బిల్డరు నుంచి కొన్న ఫ్లాటులో, అది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి వచ్చే ప్రాజెక్టు అయితే, స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు పని నాణ్యతలో బయటపడే లోపాన్ని బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ అయిదేళ్లు గడవకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొరపెట్టుకుంటే లెక్కలోకి రాదు.

రిపేరు ఎవరితో చేయించినా ఈసారి ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఏ పని, ఏ కంపెనీ ఏ రకం మెటీరియల్, ఎన్ని రోజులు, నీళ్ల పరీక్ష ఎప్పుడు, ఏ దశకు ఎంత డబ్బు, పూర్తి అడ్రసు. కింద ఇద్దరి సంతకాలు. డబ్బులో పదో వంతు ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని ముందే చెప్పండి. మంచి మేస్త్రీ దీనికి నొచ్చుకోడు. నా దగ్గర పనిచేసే పెద్దమేస్త్రీ ఒకాయనే "రాసుకోండి సార్, రేపు నాకూ మంచిదే" అంటాడు.

ఇక మొదలుపెట్టండి. ఈ రాత్రికి ట్యాంకులో గీత. పొద్దున మేస్త్రీకి మెసేజ్. ఆదివారం ట్రాప్ మూసి, టబ్బు పక్కన పెట్టి నీళ్లు నింపండి. మంగళవారం ఉదయానికి నేల మీద ఎంత దిగింది, టబ్బులో ఎంత దిగింది, కింద పెన్సిల్ గీత దాటి మరక ఎంత పాకిందో కొలిచి ఇక్కడే రాయండి. ఆ మూడు అంకెలు చూశాక నోటీసులో ఏం రాయాలో, ఎవరెవరి పేర్లు చేర్చాలో చెబుతాను.